గాలిపడవకు ఎన్ని చుట్లు?

ఆ ఉదయం పంపుల బావ వేసుకున్న పథకంలో అత్యాశ ఏమీ లేదు. కాఫీ తాగాలి. నిన్న సాయంత్రం వచ్చిన చెక్క పంకాను ఇంజనుకు బిగించాలి. షెడ్డులోనే ఒకసారి తిప్పి చూడాలి. పడవను బండి మీద చెరువుకు తీసుకెళ్ళి, చెరువు ఆఫీసు ఇంజనీరమ్మను ఎక్కించుకుని, చెరువు నడుమ నీటిమట్టం చూపే కొలత స్తంభాన్ని ముట్టుకుని రావాలి. భోజనం వేళకు గెలిచినవాడిగా ఇంటికి చేరాలి. ఒక మనిషి తన రోజును ఇంతకన్నా వినయంగా అడగలేడు.

ఆయన నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. బావమరిది వచ్చినప్పుడల్లా "బావా, బావా" అని కేకలేయగా వేయగా వీధి మొత్తానికీ ఆయన పంపుల బావ అయిపోయాడు. చేతిలో పనితనం ఉంది. కోపం మాత్రం ముక్కు మీద కాదు, ముక్కుకు ఓ జానెడు ముందే ఉంటుంది. మర బిగుసుకుపోయినా, మబ్బు పట్టినా, తలుపు కిర్రుమన్నా అది తనకు ఎవరో కావాలని చేసిన అవమానంగానే ఆయన లెక్కవేస్తాడు.

చెరువు సంగతి కూడా అవమానంతోనే మొదలైంది. నీళ్ళ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయి, చాప పరిచినట్టు తయారైంది. మామూలు మోటారు పడవకు ఫ్యాను నీళ్ళలో ఉంటుంది కదా, నాలుగు బారలు పోకముందే కాడలు దానికి జడలా చుట్టుకునేవి. ఆఫీసు పడవ అలా మధ్యలో ఆగిపోయినప్పుడు ఎవరో బావను పిలిచారు. ఆయన నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఆ జడ విప్పుతూ, "దీనికి గాలిపడవే మందు" అన్నాడు. ఇంజనీరమ్మ చిన్నగా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. మర్నాటినుంచి బావ షెడ్డులో సుత్తి చప్పుడు మొదలైంది.

గాలిపడవ అంటే మరేం లేదు. అడుగు చదునుగా ఉంటుంది, ముక్కు వాలుగా పైకి లేచి ఉంటుంది. వెనకభాగాన, నీళ్ళకు బాగా పైన, ఇనప పంజరంలో పెద్ద పంకా నిలబడి ఉంటుంది. అది గాలిని వెనక్కి తోస్తే పడవ ముందుకు పోతుంది. నీళ్ళలోకి దిగేది ఏదీ లేదు గనక డెక్క చుట్టుకునే ప్రసక్తే లేదు.

ఇంటి ఇల్లాలికి ఈ విషయమంతా అర్థమైంది. ఆమెకు అర్థం కానిదల్లా దీనికి షెడ్డు ఎందుకని. ఆమె బడి పిల్లల యూనిఫాంలు కుడుతుంది. కుట్టుమిషన్లు ముందుగదిలో ఉన్నాయి. కత్తిరించిన బట్ట మంచాల మీద, గుండీలు డబ్బాల్లో, డబ్బాలు వంటింట్లో. భోజనంలో రెండుసార్లు గుండీ వచ్చాక ఆమె తెగేసి చెప్పింది:

"చూడండి. మీ పడవ కొలత స్తంభం దాకా వెళ్ళి తిరిగొచ్చిందా, షెడ్డు జన్మంతా మీది. నేను మళ్ళీ నోరెత్తను. రాలేదా, ఆ సాయంత్రమే ఖాళీ చెయ్యాలి."

"వస్తుంది!" అన్నాడు బావ. అని, జేబులో షెడ్డు తాళం తడిమి చూసుకున్నాడు. పెట్టిన చోటే స్పానరు ఉండే స్థలం భూమ్మీద ఆయనకు అదొక్కటే. అది పోతే ఆయన తన ఇంట్లోనే చుట్టమైపోతాడు.

ఇక పంకా సంగతి. దాన్ని ఎంచుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. కారణం ఇల్లాలి తమ్ముడు, అంటే ఆ బావమరిదే. కాలేజీలో లెక్కలు చెబుతాడు. సెలవు దొరికితే అక్కను చూసే మిషతో షెడ్డులోకి వచ్చి వాలతాడు. మంచివాడు. బావ మీద ప్రాణం. మామూలుగా "నువ్వు" అంటాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం అమాంతం మర్యాదలోకి దిగిపోతాడు.

"బావా, నా మాట విను. పొడుగాటి రెక్కను నీ ఇంజనంత వేగంగా తిప్పితే దాని కొసలు శబ్దం వేగాన్ని అందుకుంటాయి. అప్పుడది గాలిని తొయ్యదు. ఊరికే అరుస్తుంది."

"అరవనీ. మీ అక్క అరవడం లేదూ? ఇల్లు నడవడం లేదూ?"

"పెద్ద పంకా పెట్టు, నెమ్మదిగా తిప్పు. ఎక్కువ గాలిని మెల్లగా తోస్తేనే పడవకు బలం."

"నెమ్మదిగా తిప్పితే నా ఇంజను ఏడుస్తుందిరా! దాని సత్తువంతా చుట్లలోనే ఉంది. దున్నపోతులా నడిపిస్తానంటే కారు ఇంజను ఎందుకు, దున్నపోతునే కట్టుకుందాం."

"బావగారూ, మీరు లెక్క వినడం లేదు."

"మీరు" అని వినబడగానే లోపల్నుంచి ఇల్లాలు వచ్చి ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళేది. అది ఆ ఇంట్లో యుద్ధవిరామం.

చివరికి ఇద్దరి పరువూ దక్కే దారి దొరికింది. ఇంజను దానికిష్టమైనంత వేగంగా తిరుగుతుంది. మధ్యలో రెండు పళ్ళచక్రాలు పెట్టి ఆ వేగం తగ్గిస్తే పంకా నెమ్మదిగా తిరుగుతుంది. అలా గేర్లు బిగించి, వెడల్పు రెక్కల పొడుగాటి పంకా చెక్కమని దూరాన ఉన్న వడ్రంగికి పురమాయించారు. అతను ఫోన్లో అడిగిన ప్రశ్నలన్నిటికీ లెక్కల బావమరిదే నిలబడి జవాబులు చెప్పాడు. ఈలోగా ఆ గేర్ల రొదకు వీధిలో పసిపిల్లలు నిద్ర మానేశారు. బావ గేర్లు పీకేసి బెల్టూ పుల్లీలూ వేశాడు. బావమరిది వచ్చి పుల్లీల కొలతలు చూసి, వేగం సరిగ్గా అంతే తగ్గుతోందని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇదంతా గతం. ఆ ఉదయం పంకా బిగించడం నున్నగా అయిపోయింది. ఇల్లాలు వచ్చి పడవ అంచు మీద కాఫీ పెట్టింది. పందెంలో ఎదురు పక్షమైనా చక్కెర ఆయనకిష్టమైనంతే వేసింది.

"పెరట్లో ఎనభై చొక్కాలు ఆరుతున్నాయి. బడివాళ్ళు సాయంత్రం వస్తారు. మీ గాలేదో లోపలే పెట్టుకోండి" అంది.

"గాలి వెనక్కి పోతుందే! వెనక ఏముంది? గోడ. నీ చొక్కాలు తలుపు వైపున్నాయి. శాస్త్రం తెలియకుండా మాట్లాడితే ఎలా?"

"అంతేనక్కా" అన్నాడు లెక్కల బావమరిది.

పంకా బలం కొలిచే పద్ధతి అతనే ఆలోచించాడు. పడవ వెనకభాగానికి తాడు కట్టి, ఆ తాడుకు స్ప్రింగు కాటా తగిలించి, కాటాను గోడ కొక్కేనికి కట్టారు. పడవ ముందుకు లాగితే ముల్లు కదులుతుంది. ఎంత కదిలితే పంకాకు అంత బలం. బండి వెనక్కి దొర్లకుండా చక్రాల వెనక ఇటుకలు పెట్టారు. యాక్సిలరేటరు తీగ చేతిలో పట్టుకుని, బావ తన బావమరిదితో కలిసి పంజరానికీ గోడకీ మధ్య గొంతుక్కూచున్నాడు.

ఇంజను అందుకుంది. పంకా తిరిగింది. ఏళ్ళ తరబడి నిద్రపోతున్న దుమ్మంతా లేచి తలుపు వైపు పరుగెత్తింది.

ముల్లు కదల్లేదు. తాడు వదులుగా వేలాడుతూనే ఉంది.

"పెంచు బావా!"

బావ తీగ లాగాడు. ఇటుకలు కిరకిరమన్నాయి. బావమరిది నడినెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ పంకా వైపుకు నిటారుగా లేచాయి.

"అదేంట్రా, నీ జుట్టు అటు పోతోంది?"

"సుడి! గాలి గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. మామూలే!"

"మరి ముల్లు?"

"బలం చాలట్లేదు!"

"బలం కాదు, చుట్లు చాలట్లేదు! ఆర్నెల్లనుంచి మొత్తుకుంటున్నా!"

ఆ వాదం ఇంకా చాలాసేపు సాగేది. కానీ పెరట్లోంచి "ఏవండీ!" అన్న కేక ఇంజను రొదను చీల్చుకుంటూ వచ్చింది. బావ తీగ వదిలేశాడు.

పెరట్లో దండేలు మాత్రమే ఉన్నాయి. చొక్కాలు పక్కింటి గోడ మీద, ఎదురింటి మెట్ల మీద, కరెంటు తీగ మీద వరసగా కాకుల్లా వాలి ఉన్నాయి. గేటు దగ్గర ఓ మనిషి నిలబడి ఉంది. రబ్బరు బూట్లు, చేతిలో గొడుగు, ముఖం ఉండాల్సిన చోట రెండో తరగతి చొక్కా.

ఆమె ఆ చొక్కాను తీసి, భుజాలు పట్టుకుని విదిలించి చూసింది. ఇంజనీరమ్మ.

"దారే కదా, మీతో పాటే వెళ్దామని ఇటొచ్చాను" అంది. "బాగా కుట్టారు. నాకు కొలత కాస్త చిన్నదైంది."

ఇల్లాలు మొగుడి వైపు తిరిగింది. "గోడవైపు పోతుందన్న గాలి ఇదేనా?"

"గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. నేను చెప్పడం లేదు, నీ తమ్ముడే చెప్పాడు!"

"వాడు లెక్కలు చెబుతాడు. నా చొక్కాలకు ఎవరు సమాధానం చెబుతారు?"

చుట్టుపక్కల నలుగురూ ఆ చొక్కాలు ఏరి తెచ్చి ఇచ్చారు. చిరిగింది ఒక్కటీ లేదు. ఆ మాట బావ నోరు తెరిచి అనబోయి, ఆమె ముఖం చూసి మింగేశాడు.

షెడ్డులోకి తిరిగొచ్చి ఆయన నేరుగా పంకా పుల్లీ విప్పడం మొదలుపెట్టాడు. పెద్దది తీసి చిన్నది వేస్తే పంకా ఇంకా వేగంగా తిరుగుతుంది.

"బావగారూ, మీరు తప్పు చేస్తున్నారు."

"ముల్లు కదిలిందా? కదల్లేదు. మాట్లాడకు."

"కొసలు అరుస్తాయి. మీకిది రాసిస్తాను."

"రాసివ్వు. చదివి పెడతాను. ముందు ఆ స్పానరు అందుకో!"

అందించాడు పాపం. కోపంలో కూడా సరైన సైజుదే అందించాడు.

చెరువు రేవు దగ్గరికి ఇల్లాలు కూడా వచ్చింది, తడి చొక్కాల సంచీతో సహా. బావ పడవ ఎక్కుతుంటే చెయ్యి చాపింది.

"షెడ్డు తాళం ఇలా ఇచ్చి వెళ్ళండి."

"ఇంకా ఓడిపోలేదే!"

"ఓడిపోతే ఫరవాలేదు. మునిగిపోతే తాళం నేనెక్కడ వెతకను?"

అంతమంది ముందు ఆ మాట! బావ తాళం ఆమె చేతిలో పడేసి, పంకాకు ముందున్న ఎత్తయిన సీటు ఎక్కి కూచున్నాడు. ఆయన ముందు బల్ల మీద ఇంజనీరమ్మ, ముక్కు దగ్గర తెడ్డు పట్టుకుని లెక్కల బావమరిది. బండిని నీళ్ళలోకి నెట్టగానే పడవ వెనకభాగం ముందుగా జారి నీళ్ళలో తేలింది. ఏ పడవైనా రేవు దిగేది అలాగే. అందుకే తర్వాత జరిగినది కాసేపటిదాకా ఎవరికీ అర్థం కాలేదు.

బావ ఇంజను వేశాడు. పంకా ఒక్కసారిగా కీచుమని అరిచింది. చెరువు గట్టు మీది కొంగలు మూకుమ్మడిగా లేచిపోయాయి. వెనకనుంచి వచ్చిన గాలికి ఇంజనీరమ్మ గొడుగు దానంతటదే తెరుచుకుని, ఎగిరెళ్ళి బావమరిది మెడకు చుట్టుకుంది. పడవ వెనక్కి జారుతోంది. రేవు వాలు అనుకున్నాడు బావ. ముందుకు మళ్ళించాలని వేగం పెంచాడు. ఇంకా జారింది. ఇంకా పెంచాడు.

వెనక్కి చూడడానికి ఆయనకు పంజరం అడ్డం. ముందుకు చూస్తే రేవు చిన్నదైపోతోంది. దాని మీద ఇల్లాలు కూడా. చుక్కాని తిప్పాడు. అది పంకా వెనకాల ఉంటుంది. గాలి దాని మీద పడితేనే మాట వింటుంది. ఆ రోజు గాలి దానికి వీపు చూపించి ఇటు వస్తోంది. కనుక అది పంజరానికి తగిలించిన తలుపుముక్కలా ఊగి ఊరుకుంది.

ఇంజనీరమ్మ ఒక చేత్తో జుట్టు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించింది. "ఆగండి" అని ఆవిడ భావం. ముందు కూచున్న మనిషి చెయ్యి పైకెత్తి ఊపితే "ఇంకా, ఇంకా" అనే బావకు తోచింది. ధైర్యవంతురాలు అనుకుని, తీగ చివరంటా లాగాడు. పడవ వెనకభాగం నిటారుగా గోడలా ఉంటుంది. అది గుర్రపుడెక్కను దొంతర్లుగా తోసుకుంటూ పోయి, ఆ దొంతర పంజరమంత ఎత్తయ్యాక, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. బావ ఇంజను ఆపాడు.

కప్పలు మళ్ళీ కూత అందుకున్నాయి.

"పడవ వెనక్కి పోయింది" అంది ఇంజనీరమ్మ.

"గమనించాను" అన్నాడు బావ, గాయపడ్డ గొంతుతో.

బావమరిది మెడలో గొడుగు తీసుకుని లేచాడు. "పంకాను తిరగేసి బిగించారు మీరు! ముందుండాల్సిన మొహం వెనక్కి పెట్టారు. గాలి ఇటు రాక ఎటు పోతుంది?"

"నేనా? బిగిస్తుంటే పట్టుకున్నది ఎవరు? 'బాగుంది బావా, ముచ్చటగా ఉంది' అన్నది ఎవరు?"

"అందంగా ఉందన్నాను. తిన్నగా ఉందన్నానా?"

"అమ్మా, మీరే చెప్పండి, ఇది న్యాయమా?"

"నాకు పంకాల గురించి తెలియదండీ. నేను నీళ్ళ ఇంజనీరును" అంది ఆవిడ. "తిరగేస్తే సరిపోతుందంటే తిరగెయ్యండి. నేను బోల్టులు పట్టుకుంటాను."

చెరువు మధ్యలో, ఊగే పడవ మీద, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, ఒకరినొకరు నిందించుకుంటూ ఇద్దరూ పంకా విప్పారు. ఆవిడ బోల్టులూ నట్టులూ గుప్పిట్లో భద్రంగా పట్టుకుంది. ఒక్కటైనా నీళ్ళలో పడలేదు. ఆ రోజు దేవుడు చూపించిన దయ అంతవరకే. పంకాను ముందు వెనకలు మార్చి బిగించారు. ఆ హడావిడిలో బావ అదనంగా తెచ్చుకున్న బోల్టూ నట్టూ ఆయన చేతిలోనే ఉండిపోయాయి.

ఇంజను వేశాడు. ఆశ్చర్యం, కీచు లేదు. గాలి బరువు మీద పడి పంకా వేగం దిగింది, గొంతు మారిపోయింది. పస్తున్నవాడికి కడుపునిండా పెట్టినట్టు ఇంజను తృప్తిగా, బరువుగా గుర్రుమంది. బావ ముఖం వెలిగింది. బావమరిది ముఖం ఇంకా వెలిగింది. ఆర్నెల్ల లెక్కలో ఉన్న చుట్లు సరిగ్గా ఇవే! ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, అన్నీ క్షమించేసుకుని, ముందుకు తిరిగారు.

పడవ వెనక్కి దూకింది.

ఇందాక నడిచింది. ఇప్పుడు పరుగెత్తింది. ఎద్దు తలొంచి కుమ్మినట్టు డెక్క కుప్పను కుమ్ముకుంటూ, తోసుకుంటూ, చెరువు నడిమికి పోయి, కొలత స్తంభానికి వీపు ఆనించుకుని "ధడ్" మని నిలబడింది. ఇంజనీరమ్మ లేచి, స్తంభం మీద నీటిమట్టం చూసి, ఏం జరుగుతున్నా పని పనే కనుక, అది గుర్తుపెట్టుకుని కూచుంది.

బావ తన చేతిలో మిగిలిపోయిన బోల్టు వైపు చూస్తున్నాడు. నట్టును దానికి ఎక్కించాడు. తీశాడు. నట్టును తిరగేసి, రెండో మొహం నుంచి మళ్ళీ ఎక్కించాడు. అదీ కుడివైపుకే బిగుసుకుంది.

"ఒరేయ్. నట్టును ఎటు తిరగేసినా మర ఒకవైపే బిగుస్తుంది."

"అవును... అంటే..."

"పంకా కూడా మరే కదరా! గాలిలోకి బిగిసే మర. తిరగేస్తే దాని మొహం మారుతుంది గానీ బుద్ధి మారుతుందా? ఇందాక వెనక అంచుతో గాలిని కోసింది, ఇప్పుడు ముందు అంచుతో కోస్తోంది. అందుకే ఇంత బలం. అంతా సరిగ్గానే ఉంది. ఇరుసే తిరగాల్సిన వైపు తిరగడం లేదు!" ఆయన గొంతు మెల్లగా పైకి లేచింది. "పంకా ఎటువైపు తిరుగుతుందని వడ్రంగి అడగలేదూ?"

"అడిగాడు. ఇంజను దగ్గర నిలబడి చూసే చెప్పాను."

"అప్పుడు మధ్యలో ఏమున్నాయి?"

"గేర్లు" అన్నాడు బావమరిది. అని, నుదురు పట్టుకున్నాడు.

రెండు పళ్ళచక్రాలు కలిసి తిరిగితే ఒకటి ఇటూ ఒకటి అటూ తిరుగుతాయి. బెల్టు వేస్తే రెండు పుల్లీలూ ఒకవైపే తిరుగుతాయి. ఈ ముక్క పంపులు బాగుచేసే బావకు చిన్నప్పట్నుంచీ తెలుసు. లెక్కలు చెప్పే బావమరిదికీ తెలుసు. గేర్లు తీసి బెల్టు వేసిననాడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఎంత వేగం అని ఆర్నెల్లు కొట్టుకున్నారు. ఎటువైపు అని ఒక్కరోజూ అనుకోలేదు.

"నువ్వు చెప్పాలి కదా!" అన్నాడు బావ.

"మీరు అడగాలి కదా!" అన్నాడు బావమరిది.

"మనం ఇంటికి పోవాలి కదా!" అంది ఇంజనీరమ్మ.

ముగ్గురూ ఉన్న ఒక్క తెడ్డుతోనూ చేతులతోనూ నానా తంటాలు పడి పడవ వీపును రేవు వైపు తిప్పారు. ముందుకు పోలేని పడవకు ఇల్లు చేరే దారి అదొక్కటే. చుక్కాని మాట వినదు గనక వచ్చిన దారినే పోవడం వాళ్ళ చేతుల్లో లేదు. కాస్త పక్కగా, డెక్క దట్టంగా ఉన్నచోట నుంచి పడవ తనిష్టం వచ్చినట్టు తోసుకుపోయింది. గట్టు మీద జనం పోగయ్యారు. ఊరంతా చూస్తుండగా, ముక్కు చెరువు వైపూ వీపు ఊరి వైపూ పెట్టుకుని, ఆర్నెల్ల శ్రమ వెనక్కి వెనక్కి వస్తోంది. బావకు చెవులు కాలిపోయాయి. తాళం ఎలాగూ ఆమె చేతిలోనే ఉంది. బయటికి తీసుకెళ్ళాల్సిన సామాను ఆయన మనసులోనే సర్దుకోసాగాడు: వైసు, డ్రిల్లు, గోడకు కొట్టిన స్పానర్ల బల్ల.

పడవ రేవుకు ఆనింది. ఇల్లెత్తు డెక్క కుప్ప ఒడ్డెక్కి కూచుంది. ఎవరూ నవ్వలేదు. అదే బావకు వింతగా తోచి తల ఎత్తాడు. అందరూ పడవను కాదు, దాని అవతల చూస్తున్నారు. రేవు నుంచి స్తంభం దాకా రెండు బాటలు, వెడల్పుగా, నల్లగా, తళతళలాడుతూ నీళ్ళు. ఆ చెరువులో నీళ్ళు కనబడి చాలాకాలమైంది. లేచిపోయిన కొంగల్లో ఒకటి అప్పుడే వచ్చి అక్కడ దిగి, తన నీడ చూసుకుంటోంది.

ఇంజనీరమ్మ దిగి, బూట్లలోంచి నీళ్ళు ఒంపుకుని, తిరిగి తొడుక్కుని, చాలాసేపు నిలబడి చూసింది.

"పెద్దాయనా, ఇది ముందుకు పోయి ఉంటే డెక్క మీదుగా జారిపోయేది. వెనకాలే మళ్ళీ మూసుకుపోయేది. నాకు అక్కర్లేదు. ఇలా వెనక్కి తోసేది కావాలి."

"లేదమ్మా" అన్నాడు బావ కంగారుగా, "ఇది పొరపాటు. రేపటికల్లా కొత్త పంకా తెప్పించి ముందుకు నడిపిస్తాను."

"ముట్టుకున్నారంటే ఊరుకోను. చుక్కాని ఒక్కటీ గాలి తగిలేలా పంకాకు ఇటువైపు మార్చండి, చాలు."

"అమ్మా, గాలిపడవ అంటే ముందుకు పోవాలి! ఇది దాని ధర్మం! తప్పుగా తయారైన దాన్ని మెచ్చుకుంటే నేను రేపు నలుగురిలో తల ఎలా ఎత్తుకోను?"

"స్తంభాన్ని ముట్టుకుని వచ్చింది. ఏ వైపుతో ముట్టుకోవాలో మనం అనుకోలేదు" అని ఆవిడ తేల్చేసింది.

గెలిచాడు. కానీ తప్పుగా గెలిచాడు. అంతకన్నా పెద్ద అవమానం ఆయన జీవితంలో ఎరగడు. ఇల్లాలు దగ్గరికి వచ్చింది. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనకుండా తాళం ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "మాట మాటే" అంది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. దుమ్మన్నాడు.

"ఇంకో మాట" అంది ఇంజనీరమ్మ. "పడవ ఇకమీదట ఇక్కడే, మా ఆఫీసు కొట్టంలో ఉంటుంది. పనిముట్లు కూడా ఇక్కడికే తెచ్చుకోండి. రోజూ మీరే నడపాలి."

"అంటే షెడ్డులోకి ఏమీ రాదా?" అని అడిగింది ఇల్లాలు, చాలా మెత్తగా.

"ఏమీ రాదమ్మా."

మర్నాడు బావ చెరువు నుంచి ఇంటికొచ్చేసరికి షెడ్డులోంచి కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తోంది. కిటికీకి కొత్త తెర. దండేల నిండా చొక్కాలు. ముందుగదిలో మంచాలు మాత్రం ఖాళీగా, దుప్పట్లు పరిచి, పడుకోమని పిలుస్తున్నట్టున్నాయి.

"ఇదేం అన్యాయం! షెడ్డు నాదన్నావు! మాట మాటేనన్నావు!"

"మీది కాదని ఎవరన్నారండీ? ఖాళీగా ఉంటే ఎలకలు చేరతాయని మిషన్లు పెట్టుకున్నాను."

బావ సాక్ష్యం కోసం బావమరిది వైపు చూశాడు. అతను నేల మీద కూచుని శ్రద్ధగా గుండీలు లెక్కపెడుతున్నాడు.

షెడ్డు ఇప్పటికీ బావదే. లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం తలుపు కొట్టి వెళతాడు.